ఛాతి మీద కాయ

జనవరి 4, శుక్రవారం, 1974

బేరింగులమ్మే కంపెనీ ఏజెంటు మా ఫోర్మనుకు రెండు డైరీలు ఇచ్చిండు. ఆయన ఒకటి పెట్టుకొని ఒకటి నా మీదికి ఇసిరిండు. రాత్రి బడికి పోయి తెలుగు నేర్సుకున్నవు గద, రాసుకో అన్నడు. ఎక్కిరించిండో మంచికన్నడో తెల్వది. చిన్నప్పుడు నేను చదివింది ఉర్దూ బడి. తెలుగు ముప్పై దాటినంక వచ్చింది. తప్పులుంటే ఉండనీ, చదివేటోడు ఎవడు?

మొదటి పేజీల ఖాళీలున్నయి. నింపిన. పేరు లింగం. వయసు నలభై రెండు. ఊరు పోతిరెడ్డిపల్లి. పని ఫిట్టరు, పటాన్‌చెరు కాడ నీళ్ళ ట్యాంకులు చేసే షెడ్డుల. బ్లడ్ గ్రూప్ తెల్వది. ఎర్రగనే ఉంటది.

జనవరి 19, శనివారం

కరెంటు మళ్ళ బంద్. పొద్దుగాల రెండు గంటలిస్తే గొప్ప. మిషిన్ డ్రిల్లు మీద గోనె కప్పిన్రు. అందరం ఛాతి బర్మలు పట్టినం.

ఛాతి బర్మ అంటే చేతితోని తిప్పే డ్రిల్లు. పైన వంకర రేకు ఉంటది. ఆ రేకును ఛాతికి ఆనించి, ఒంటి బరువంత దాని మీదేసి, కుడి చేతితోని తిప్పాలె. ఒక ట్యాంకుకు నూటయాభై బొక్కలు. రేకు ఒత్తి ఒత్తి ఛాతి మీద కాయ కాస్తది, అరచేతులకు కాసినట్టే.

మా షెడ్డుల ఒక రివాజు ఉన్నది. కొత్తోడు ఎన్ని బొక్కలేసినా వాన్ని ఫిట్టర్ అనరు. దసరానాడు సామాన్లకు పూజ అయినంక పెద్దరాములు ఉస్తాదు వాని అంగి ఇప్పిస్తడు. నడిమి వేలు మడిచి ఛాతి మీద ఠక్కున కొడ్తడు. చెవి పెట్టి ఇంటడు. గట్టిగ మోగితే ఫిట్టర్. లేకుంటే వచ్చే దసరా దాక హెల్పరే. నన్ను పదకొండేండ్ల కింద పాస్ చేసిండు. అప్పుడు మా షెడ్డు సనత్‌నగర్ల ఉండె. ఆ దినం ఇంటికొచ్చి నా పెండ్లాం ఆదిలక్ష్మికి కూడ ఛాతి చూపిచ్చుకున్న. ఆమె ముద్ద నోట్లె పెట్టుకొని నవ్వింది.

ఫిబ్రవరి 3, ఆదివారం

తానం చేస్తుంటే ఎడమ రొమ్ము మొన కింద ఏందో గట్టిగ తాకింది. చింతగింజంత ఉన్నది. ఒత్తిన. నొప్పి లేదు. కాయనే అయి ఉంటది. అందరికి కాయ రెండు వేళ్ళు పైన కాస్తది. నేను పొడుగు, రేకు నాకు కిందికొస్తది. పొడుగోని కాయ కిందికే కాస్తది.

ఫిబ్రవరి 5, మంగళవారం

ఉస్తాదుకు చూపిచ్చిన. వేలు మడిచి దాని మీదనే ఠక్కున కొట్టి, చెవి పెట్టి ఇన్నడు. రెండో కాయ కాసింది, నువ్వు డబుల్ ఫిట్టర్వి అన్నడు. షెడ్డంత నవ్విండ్రు. నేను సుత నవ్విన. నా పక్కన బర్మ పట్టే పోచయ్య ఛాయ్ తాపిచ్చుమని ఎంటవడ్డడు. తాపిచ్చిన. మనసు నిమ్మలమైంది.

ఫిబ్రవరి 21, గురువారం

అద్దంల చూసుకున్న. మొన లోపలికి పోయినట్టున్నది. చలికేమో.

మార్చి 10, ఆదివారం

ఆదిలక్ష్మి నా బనీను పట్టుకొచ్చి ముంగట పెట్టింది. ఎడమ దిక్కు ఎర్రగోధుమ రంగు మరక, కందిగింజంత. మూడు వారాలసంది ఇదే జాగల ఇదే మరక వస్తున్నదన్నది. తుప్పు అన్న. ఇనుముల పనిచేసేటోని బట్టలకు తుప్పు గాక గంధం అంటుతదా అని గులిగిన.

ఆమె బనీను మడిచి పట్టుకపోయింది. ఆమె మాట్లాడితే నాకు చికాకు. మాట్లాడకపోతే భయం.

మార్చి 18, సోమవారం

లేఆఫ్. ఇనుప షీట్ రాలే. ఎప్పుడొస్తదో ఫోర్మనుకు తెల్వది, ఆయన పైనోనికి తెల్వది. షెడ్డుకు తాళమేసిన్రు. బర్మలకు గ్రీజు పెట్టి పెట్టెల పెట్టినం.

ఏప్రిల్ 5, శుక్రవారం

రాయాలంటే చెయ్యి వస్తలేదు. రాస్త.

పొద్దుగాల పోచయ్యా నేను వాళ్ళ పొలం బావి మీద తానం చేసినం. పోచయ్య ఛాతి మీద కాయ పొట్టు లేసి ఊడిపోతున్నది. ఒత్తిండు, మెత్తగైంది. పద్దెనిమిది దినాలు రేకు తగలకుంటే ఇట్లనే అయితది, మళ్ళ పనికెక్కితే వారంల గట్టిపడ్తది అన్నడు. నా పై కాయ చూసుకున్న. అది సుత మెత్తబడ్డది. చర్మం పట్టి గుంజితే దానితోని కదుల్తున్నది.

కింద ఉన్నది మెత్తబడలే. చింతగింజ రేగుపండంత అయింది. చర్మం గుంజితే చర్మమే వస్తలేదు, లోపల ఎవడో పట్టుకున్నట్టున్నది. మొన బొడ్డు లెక్క గుంట పడ్డది.

బర్మ ముట్టుకోలేదు. మరి ఇది ఎట్ల పెరిగింది?

పోచయ్య ఏందిరా చూస్తున్నవు అన్నడు. ఏం లేదన్న. తువ్వాల కప్పుకున్న. మొగోన్ని, మొగోని ముంగట ఛాతి కప్పుకున్న.

ఏప్రిల్ 6, శనివారం

ఆదిలక్ష్మి రెండు బనీన్లు తెచ్చింది. ఒకటి పాతది, భుజం మీద తుప్పు మరక. పెండ్లినాటి సంది ఉతుకుతున్న, తుప్పు జన్మల పోదు, చూడు అన్నది. రెండోది నిన్నటిది. మరకను చల్లనీళ్ళల్ల నా కండ్ల ముంగటనే పిసికింది. పోయింది. ఇరవై దినాలాయె నువ్వు ఇనుము ముట్టక, ఇది తుప్పు కాదు నెత్తురు అన్నది.

షెడ్డుల ఇరవై మంది ఫిట్టర్లం. ఇనుము చూసి ఎంత మందమో, ఏ గేజో చెప్తం. తుప్పుకు నెత్తురుకు తేడా ఆమె చెప్పింది.

మా మేనత్త రాజవ్వ యాదికొచ్చింది. నాకు తొమ్మిదేండ్లప్పుడు. ఆమె ఎడమ దిక్కు పైట లోపల గుడ్డ పెట్టుకునేది. రాచపుండు అనుకునేటోళ్ళు. దాన్నే ఇప్పుడు కేన్సర్ అంటున్నరు. నన్ను యాపాకులు తెమ్మనేది. తెచ్చి గడప బయట పెట్టి ఉరికేటోన్ని, వాసనకు. చూపిచ్చుకోనీకె షరమై నాలుగేండ్లు దాచిందట. నలభై దాటకుంటనే పోయింది.

అది ఆడోళ్ళ జబ్బు. నాకెందుకొస్తది. రాదు.

గంట అయింది. మళ్ళ రాస్తున్న. రాదని ఎవడు చెప్పిండు? నేనే చెప్పుకున్న. కాయ అని సుత నేనే చెప్పుకున్న. చూపిచ్చుకుంట. అత్త లెక్క దాచ. ఇది ఒట్టు.

ఏప్రిల్ 8, సోమవారం

సంగారెడ్డిల సూది మందేసే కంపౌండరు కాడికి పోయిన. వేడిగడ్డ అన్నడు. మలాం రాసిచ్చిండు. ఆ జబ్బేమో అని మెల్లగ అడిగిన. నీకేమన్న చీర కట్టించిన్రా అని పకపక నవ్విండు. బల్ల మీద కూసున్నోళ్ళు సుత నవ్విన్రు.

మలాం మోరీల పారేసిన. వాని చెంప మీద ఒక్కటి ఇయ్యబుద్ధి అయింది. ఇయ్యలే. వానితోని నాకేం పని. పట్నం పోత.

ఏప్రిల్ 10, బుధవారం

పొద్దుగాల ఐదింటి బస్సుకు పట్నం. సర్కారు పెద్ద దవాఖాన. ఆదిలక్ష్మి వస్తనంటే వచ్చింది.

చిట్టీల కాడ గుమాస్తా ఏం తకలీఫు అని అడిగిండు. రొమ్ముల గడ్డ అన్న. పేషెంటును ముంగటికి తోలుకరా అని ఆదిలక్ష్మి దిక్కు చూసిండు. ఆమె కాదు, నేను అన్న. ఆయన కలం ఆగింది. వెనక లైను ముంగటికి వంగి చూసింది. గొంతు పెంచి మళ్ళ చెప్పిన: రొమ్ముల గడ్డ, నాకే, పేరు లింగం, రాసుకో. రాసుకున్నడు. పాపం, మంచోడే. ఏ రూముకు పంపాలెనో ఆయనకు సుత తెల్వలే. లేసిపోయి అడిగొచ్చిండు.

ఆ రూము ముంగట బల్ల మీద అందరు ఆడోళ్ళే. నన్ను చూసి పైటలు సవరించుకున్నరు. నిలబడ్డ. ఒకామె ఆదిలక్ష్మిని ఎన్ని దినాలాయె నీకు అని అడిగింది. ఆదిలక్ష్మి నా దిక్కు చెయ్యి చూపెట్టింది. బల్లంత నా దిక్కు తిరిగింది. అప్పుడు ఒక ముసలామె జెర జరిగి జాగ ఇచ్చింది. పేరు బీరమ్మ, జహీరాబాదు దిక్కు. కూసో కొడుకా, దీనికి ఆడ మొగ తెల్వదట్టుంది అన్నది. కూసున్న. రెండు నెలల సంది ఎవ్వరు అనని మాట ఆమె అన్నది. కండ్లు తడిసినయి. దుమ్ము అని చెప్పిన.

డాక్టరమ్మ చిన్న పిల్ల, ముప్పై ఉంటయో లేవో. నవ్వలే. ముందు ఒత్తలే, చూసింది. చేతులు లేపమన్నది, దించమన్నది, నడుము మీద పెట్టమన్నది. వేళ్ళు పక్కకు పెట్టి గుండ్రంగ తడిమింది. చంకల సుత తడిమి ఒక జాగల ఆగింది. నొప్పి లేదమ్మా అన్న, సంతోషపడ్తదని. నొప్పి లేదనే నాకు అనుమానం అన్నది. ఇంట్ల ఎవ్వరికన్న ఉండెనా అని అడిగింది. రాజవ్వ సంగతి చెప్పిన. రాసుకున్నది. చిన్న ముక్క కోసి పరీక్షకు పంపింది.

బస్సుల ఆదిలక్ష్మి నా భుజం మీద తల పెట్టి పండుకున్నది. ఎవలన్న చూస్తరేమో అని అనలే.

ఏప్రిల్ 19, శుక్రవారం

కేన్సరే.

రాత్రి 8

దవాఖాన కాడికెల్లి రాంగనే ఒక్క మాట రాసి మూసేసిన. ఇప్పుడు మొత్తం రాస్త.

ఈ జబ్బు వచ్చినోళ్ళు నూరుమంది ఉంటే అందుల ఒక్కడన్న మొగోడు ఉంటడట. మాకు సుత రొమ్ముల జెర కండ అసుంటిది ఉంటదట, అది చాలట. మొగోళ్ళు ఎందుకు ఎక్కువ చస్తరంటే ఆలస్యంగ వస్తరు అన్నది డాక్టరమ్మ. గడ్డ అనుకోరు, దెబ్బ అనుకుంటరు, కొవ్వు అనుకుంటరు. నేను కాయ అనుకున్న అని చెప్పిన. బర్మ సంగతి ఇడమరిచి చెప్పిన. ఆమె కాయితం మీద బర్మ బొమ్మ గీయించుకున్నది.

బర్మతోని వచ్చిందా అని అడిగిన. కాదన్నది. బర్మ జబ్బును తేలే, కనపడకుంట దాచింది అంతే అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. బర్మతోని వస్తే బర్మను తిడ్దును, షెడ్డును తిడ్దును. ఇప్పుడు ఎవన్ని తిట్టాలె.

ఎడమ రొమ్ము, దాని కింద కండ, చంకల గడ్డలు మొత్తం తీసేస్తరు. తర్వాత కరెంటు పెడ్తరు, అంటే మిగిలిన జబ్బును మిషిను కిరణాలతోని కాలుస్తరట. ఛాతి బర్మ ఇగ పట్టలేవన్నది. బతుకుతనా అని అడిగిన. చంకల దాక వచ్చింది, ఒట్టేసి చెప్పలేను, ఇంక ఆర్నెల్లు ఆగి వస్తే మాత్రం ఈ మాట సుత చెప్పకపోదును అన్నది. ఆ పిల్ల నాకు నచ్చింది. అబద్ధమాడలే.

ఏప్రిల్ 21, ఆదివారం

ఎట్ల తెలిసిందో, ఉస్తాదు ఇంటికొచ్చిండు. కూసోలే. గడప కాడ నిలబడే మాట్లాడిండు. కత్తి పెడితే పాకుతది, పెట్టించుకోకు అన్నడు. సదాశివపేటల పసరు పోసేటాయన ఉన్నడు, నేను తోలుకపోత అన్నడు. బర్మ పట్టనోడు ఫిట్టర్ ఎట్లయితడు, ఏం చేసుకొని బతుకుతవు అన్నడు.

ఆయన మీద నేను పదకొండేండ్లల నోరు లేపలే. ఇయ్యాల లేపిన. ఫిబ్రవరిల నువ్వు దీని మీదనే కొట్టి చెవి పెట్టినవు, ఏం ఇనిపించింది అన్న. ఆయన మొఖం మాడిపోయింది. చెప్పులేసుకొని పోయిండు.

అనకుండ ఉండాల్సింది. కాని అన్న. కత్తి పెట్టిచ్చుకుంట. బతికినంక ఏం చేసుకొని బతకాల్నో అప్పుడు చూస్త.

ఏప్రిల్ 28, ఆదివారం

చెల్లె రుక్మిణికి కార్డు రాసిన. రాజవ్వ మనిద్దరికి మేనత్త, నువ్వు సుత చూపిచ్చుకో, షరమైతే నా పేరు చెప్పు అని.

మే 8, బుధవారం

రైళ్ళు బందట, దేశమంత. నేను సుత బంద్. ఆపరేషన్ అయి వారం. ఎడమ దిక్కు ఇటుక పెట్టి కట్టినట్టున్నది. కుడి చెయ్యి ఉన్నది, రాస్తున్న.

మే 12, ఆదివారం

కట్టు మార్చేటప్పుడు చూసిన. చంక కాడికెల్లి కింది దాక కుట్లు. అక్కడ ఏం లేదు. ఎముకల మీద తోలు అంతే. చూడొద్దు అన్నడు వార్డుబాయ్. నాదే గద, నేను చూడకుంటే ఎవడు చూస్తడన్న. ఆదిలక్ష్మి సుత చూసింది. కొంగు నోట్లె పెట్టుకోలే. కుట్లు సక్కగ ఏసిన్రు అన్నది.

జూన్ 11, మంగళవారం

కరెంటు పెట్టుడు నడుస్తున్నది. తోలు కమిలింది. అన్నం సయిస్తలేదు. దినాం పటాన్‌చెరు మీదికెల్లి బస్సుల పోవుడు, మా షెడ్డు ముంగటికెల్లే. షీట్ వచ్చినట్టున్నది, సప్పుడు ఇనొస్తున్నది.

దవాఖానల బీరమ్మ మళ్ళ కలిసింది. ఆమెకు సుత కోసిన్రు. నా చెయ్యి భుజం దాక లేస్తలేదు. అది చూసి నన్ను గోడ కాడ నిలబెట్టింది. వేళ్ళతోని గోడ ఎక్కు అన్నది. రెండు వేళ్ళు గోడ మీద నడిపియ్యాలె, చీమ ఎక్కినట్టు, నొప్పి పుట్టేదాక. అక్కడ సుద్దతోని గీత గీసింది. రేపు గీత దాటాలె అన్నది. పక్కన ఇంక నలుగురు ఆడోళ్ళు గోడ ఎక్కుతున్నరు. ఐదో ఆడామె లెక్క నేను.

ఆమె నా మీదికెల్లి నాలుగు వేళ్ళు పైకి ఎక్కి అక్కడ తన గీత గీసుకున్నది. అరవై ఏండ్ల ముసలిది. ఊకుంటనా.

జూన్ 19, బుధవారం

బీరమ్మ గీత దాటిన. చెప్దమని చూసిన. ఇయ్యాల రాలే.

జూన్ 26, బుధవారం

బీరమ్మ ఇగ రాదట. డాక్టరమ్మ చెప్పింది. మూడేండ్లు దాచుకొని వచ్చిందట.

గోడ ఎక్కిన. ఆమె గీత చెరపలే.

జులై 22, సోమవారం

పనికెక్కిన. ఫోర్మను మంచోడే, మార్కింగ్ ఇచ్చిండు. షీటు మీద సుద్ద తాడు కొట్టి, బొక్క పడాల్సిన జాగల పంచ్ పెట్టి సుత్తెతోని గుర్తు కొట్టాలె. నేను గుర్తు పెట్టిన జాగలనే అందరు బర్మ పెట్టాలె. పని తక్కువది కాదు, కాని బర్మ కాదు.

పోచయ్య అన్నం తినేటప్పుడు నన్ను అక్కా అన్నడు. నలుగురు నవ్విన్రు. ఉస్తాదు నవ్వలే, నా దిక్కు చూడలే సుత.

ముద్ద కింద పెట్టిన. అంగి ఇప్పిన. బనీను ఇప్పిన. చూడుండ్రి అన్న. అన్నాలు ఆగిపోయినయి. ఇక్కడ ఉండె, కాయ అనుకున్న, కాయ కాదు అన్న. తేడా చెప్పిన. కాయ చర్మం మీద ఉంటది, చర్మంతోని కదుల్తది, పని ఆపితే మెత్తబడ్తది. ఇది లోపల ఉంటది, కదలదు, నొయ్యదు, మొన లోపలికి గుంజుతది, బనీను మీద తుప్పు లెక్క మరక వస్తది. తుప్పు ఉతికితే పోదు, ఇది పోతది. ఇంటికి పోయి మీ ఆడోళ్ళను అడుగుండ్రి, మీ బట్టలు ఉతికేది వాళ్ళే అన్న.

అంగి తొడుక్కొని అన్నం తిన్న. మొత్తం తిన్న.

ఆగస్టు 14, బుధవారం

పోచయ్య సైకిలు మీద ఇంటి దాక ఎంటొచ్చిండు. తన పెండ్లాం బనీన్లు ఎలుగుల పెట్టి చూస్తున్నదట, నా మూలాన ఇంట్ల కొట్లాటలు అన్నడు. మంచిగనే అయిందన్న. మళ్ళ అక్కా అనలే. ఉస్తాదు ఇంక మాట్లాడుతలేడు. ఎదురైతే పక్కకు పోతున్నడు.

సెప్టెంబరు 20, శుక్రవారం

చెకప్. డాక్టరమ్మ చంకల తడిమింది, మెడల తడిమింది. ఇప్పటికి ఏం లేదన్నది. ఇప్పటికి అనే మాటను ఒత్తి చెప్పింది. మూడు నెలలకొకసారి రావాలె. వస్త. చెల్లె రుక్మిణి పోయిన వారం చూపిచ్చుకున్నదట, ఏం లేదట. కార్డు వచ్చింది.

దసరా

సామాన్లకు పూజ అయింది. బర్మలకు బొట్లు పెట్టిన్రు. ఈసారి ఫిట్టర్ కావాల్సినోళ్ళు ఇద్దరు, అంగిలు ఇప్పి నిలబడ్డరు. ఉస్తాదు వేలు మడిచిండు. ఆగిండు. మడిచిన వేలు ఇప్పేసిండు.

స్టూలు గుంజుకొని నా ముంగట కూసున్నడు. తన అంగి ఇప్పిండు. నలభై ఏండ్ల కాయ, నల్లగ. దాన్ని ఎన్నడు ఎవ్వడు కొట్టలే. నా చెవికి తెల్వలేదు లింగం, నీ వేళ్ళకు తెలుస్తదేమో చూడు అన్నడు.

కొట్టలే. వేళ్ళు పక్కకు పెట్టి గుండ్రంగ తడిమిన. చేతులు లేపమన్న. చంకల చూసిన. ఏం లేదు ఉస్తాద్ అన్న.

మళ్ళొకసారి చూడమన్నడు. చూసిన.

తలెత్తితే వెనక పోచయ్య గుండీలు ఇప్పుకుంటున్నడు. వాని వెనక లైను.